పాటకూ ఆటకూ ఒకే జత

* ‘ఓపెన్ బ్యాక్’ హెడ్‌ఫోన్లపై యువత మోజు
* ఓమ్స్ లెక్క తెలియకుంటే డబ్బు దండగ
* ఫ్యాను హోరులో వాల్యూమ్ పెంచితే చెవికే చేటు

భీమవరం: మైకు సెట్లు అద్దెకిచ్చే వారికి ఓమ్స్ లెక్క కొత్త కాదు. మావుళ్ళమ్మ ఉత్సవాలకు నాలుగు బాక్సులు కట్టాలన్నా, పెళ్ళి పందిట్లో రెండు హారన్లు ఎక్కించాలన్నా, ఏ యాంప్లిఫయర్‌కు ఏ స్పీకరు సరిజోడో చూసుకోకుండా వైరు తగిలించరు. లెక్క తప్పితే యాంప్లిఫయర్ వేడెక్కి పొగలు కక్కుతుంది. లేదా బాక్సు ఒక్క కీచు కూసి మూగబోతుంది. సరిగ్గా అదే లెక్క ఇప్పుడు కాలేజీ కుర్రాళ్ళ చదువు బల్లల మీదికి వచ్చి చేరింది. కాకపోతే వాట్లు మిల్లీవాట్లయ్యాయి. హారన్ వచ్చి చెవి మీద కూర్చుంది.

సెల్‌ఫోను కొంటే ఇయర్‌ఫోన్లు ఉచితంగా వచ్చిన రోజులు పోయాయి. వైరు లేని బుల్లి గుళికలు చెవుల్లో దోపుకుని తిరిగే వారు ఏ బస్టాండులో చూసినా కనిపిస్తారు. వీటితో తృప్తి పడని వారు కొందరున్నారు. పాట వింటే గాయకుడు ఎదురుగా కూర్చుని పాడినట్టుండాలి, కంప్యూటర్‌లో ఆట ఆడితే శత్రువు అడుగుల చప్పుడు ఏ మూల నుంచి వస్తున్నదో తెలియాలి అనేది వారి కోరిక. అలాంటి వారి చూపు ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ల మీద పడింది. చెవులను కప్పే చిప్పల వెనుక వైపు మూసి ఉండక, జల్లెడలా తెరిచి ఉండడం వీటి ప్రత్యేకత. వీటికి తోడు చిన్న యాంప్లిఫయర్ ఒకటి కావాలని విని, పండుగ డబ్బులు, ట్యూషన్ డబ్బులు కూడబెట్టి కొనడానికి సిద్ధపడుతున్నారు. అయితే కొనే ముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పది, పదిహేను వేలంటే మధ్యతరగతి ఇంట్లో చిన్న మొత్తం కాదు కదా!

వెనుక తలుపు తెరిస్తే...

మూసి ఉన్న చిప్పలో శబ్దం గదిలో చిక్కుకున్న గాలి వంటిది. పలక కంపించినప్పుడు ధ్వని ముందుకే కాక వెనక్కి కూడా వెళుతుంది. వెనక్కి వెళ్ళినది గోడకు తగిలి తిరిగి వచ్చి అసలు పాటతో కలుస్తుంది. తయారీదారు లోపల దూది, నురగ వంటివి కూరి దీనిని కొంత తగ్గిస్తాడు కాని పూర్తిగా పోగొట్టలేడు. వెనుక తలుపు తెరిస్తే ఆ ధ్వని బయటికి పోతుంది. పాట తల లోపల బిగుసుకున్నట్టు కాక, చుట్టూ కాస్త విశాలంగా పరుచుకున్నట్టు వినిపిస్తుంది. వీణ తీగ మీటిన తర్వాత మిగిలే చిరు నాదం, తంబురా జీరు, గాయని ఊపిరి తీసుకునే చప్పుడు విడివిడిగా తెలుస్తాయి. పైగా గాలి ఆడుతుంది కనుక చెవులు చెమట పట్టవు. గోదావరి జిల్లాల ఉక్కపోతలో ఇది చిన్న సుఖమేమీ కాదు.

లాభం ఉన్న చోట నష్టమూ ఉంటుంది. తలుపు తెరిచాక లోపలి పాట బయటికి పోతుంది, బయటి గోల లోపలికి వస్తుంది. పక్క మంచం మీద పడుకున్న వారికి పాట సన్నగా, గీరినట్టు వినబడుతూనే ఉంటుంది. హాస్టలు గదిలో ముగ్గురుంటే మిగిలిన ఇద్దరికీ ఇది నరకం. రెండో లోటు అడుగు స్వరాలది. డప్పు దరువు, బాంబు పేలుడు వంటి లోతైన శబ్దాలు చాలా ఓపెన్ బ్యాక్ రకాల్లో పలచబడతాయి. గుండెలో గుద్దినట్టు మోత కావాలనుకునేవారు వీటి జోలికి రాకపోవడమే మేలు.

కొత్త వింత కాదు

ఇదేదో నిన్న మొన్న పుట్టిన వింత అనుకుంటే పొరపాటు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్‌విన్ అనే ఆయన తన ఇంటి వంటగదిలో తయారు చేసిన హెడ్‌ఫోన్లను 1910లో ఆ దేశపు నౌకాదళం కొనుగోలు చేసింది. 1937లో జర్మనీకి చెందిన బేయర్ సంస్థ డిటి 48 రకాన్ని తెచ్చింది. 1958లో అమెరికాలో జాన్ కాస్ స్టీరియో సంగీతం వినడానికి హెడ్‌ఫోన్లు తయారు చేశాడు. వెనుక తెరిచిన రకం మాత్రం 1968లో వచ్చింది. జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థ హెచ్‌డి 414 పేరుతో పసుపు పచ్చ స్పాంజి తొడుగులతో దీనిని విడుదల చేసింది. కోటికి పైగా అమ్ముడుపోయిన ఈ జత ధర్మమా అని ‘ఓపెన్’ అన్న మాట లోకానికి తెలిసింది.

మన వారికీ ఇవి అపరిచితం కావు. సోనీ సంస్థ 1979లో వాక్‌మన్ తెచ్చినప్పుడు దానితో ఇచ్చిన స్పాంజి హెడ్‌ఫోన్లు ఓపెన్ రకమే. గల్ఫ్ దేశాల నుంచి సెలవు మీద వచ్చినవారు తెచ్చిన వాక్‌మన్లను చెవికి పెట్టుకుని, అమ్మ భోజనానికి పిలిస్తే ఠక్కున లేచిన ఆనాటి కుర్రాళ్ళు ఈనాడు తాతలయ్యారు. ఆ పిలుపు ఎందుకు వినబడిందో వారికి అప్పుడు తెలియదు, అంతే.

తాతకు కీర్తన, మనవడికి కాల్పులు

ఉదాహరణకు ఒక ఇల్లు తీసుకుందాం. ఇంటిలో పింఛను పుచ్చుకునే మాస్టారు ఒకరు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదివే మనవడు ఒకడు. తాతగారికి త్యాగరాజ కీర్తనలు, ఘంటసాల పాటలు ప్రాణం. మనవడికి రాత్రి ఎనిమిది దాటితే వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ వంటి తుపాకీ ఆటలు. ఇద్దరికీ కలిపి ఇంట్లో కేటాయించిన సొమ్ము పదిహేను వేలు. పాటకూ ఆటకూ ఒకే జత సరిపోతుందా?

సరిపోతుంది. గేమింగ్ అని ముద్ర వేసి, ఎర్ర దీపాలు వెలిగే హెడ్‌సెట్లు కొంటేనే ఆట వస్తుందన్నది ప్రచార మహిమ. మనిషికి శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో తెలియడానికి రెండు ఆధారాలు ముఖ్యం. కుడి పక్క నుంచి వచ్చిన చప్పుడు ఎడమ చెవికి కొంచెం ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం మహా అయితే సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువే. పైగా తల అడ్డు పడడం వల్ల ఎడమ చెవికి అది కొంచెం మెత్తగా వినిపిస్తుంది. లార్డ్ రేలీ అనే ఇంగ్లాండు శాస్త్రవేత్త 1907లోనే ఈ సంగతి వివరించాడు. ఆట తయారు చేసే వారు ఈ తేడాలను లెక్క గట్టి శబ్దంలో కలుపుతారు. వాలొరెంట్‌లో 2021 నుంచి ఇందుకు ప్రత్యేకంగా ‘హెచ్ఆర్‌టీఎఫ్’ అనే మీట ఉంది. హెడ్‌ఫోన్ చేయవలసింది ఆ తేడాలను చెడగొట్టకుండా చెవికి చేర్చడమే. ఏ మంచి సంగీతపు హెడ్‌ఫోన్ అయినా ఆ పని చేస్తుంది.

ఇక్కడ కుర్రాళ్ళు తరచూ చేసే తప్పు ఒకటి ఉంది. ఆటలో ఈ మీట వేసి, మళ్ళీ కంప్యూటర్‌లో ‘7.1 సరౌండ్’ అనే మరో మీటనూ వేస్తారు. ఒకసారి కలిపిన పులుసులో మళ్ళీ చింతపండు పిసికినట్టవుతుంది. అడుగుల చప్పుడు నలుదిక్కులా చెదిరిపోతుంది. రెంటిలో ఒకటే ఉంచాలి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఆటకు ఎందుకు పనికిరావని కొందరు అడుగుతారు. వైరు లేకుండా శబ్దం చేరడానికి సాధారణంగా సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆలస్యమవుతుంది. పాటకు ఫరవాలేదు. ఆటలో తుపాకీ పేలాక చప్పుడు వినబడితే అప్పటికే ప్రాణం పోయి ఉంటుంది. అందుకే ఇప్పటికీ వైరుదే పైచేయి.

తాతగారి పాటల సంగతి వేరు. 1950, 60 దశకాల సినిమా పాటలు మోనోలో రికార్డయ్యాయి. అంటే రెండు చెవులకూ ఒకే ధ్వని వస్తుంది. ఎంత ఖరీదైన ఓపెన్ బ్యాక్ పెట్టినా ఆ పాట తల నడుమనే నిలబడుతుంది కాని అటూ ఇటూ పరుచుకోదు. విశాలంగా వినిపిస్తుందని అమ్మేవారు చెప్పే మాటలు ఈ పాటలకు వర్తించవు. అయితే గొంతులోని నిండుతనం, గమకం స్పష్టంగా తెలుస్తాయి. పాత పాటలు ప్రధానంగా వినేవారు విశాలతకు డబ్బు పోయడం కన్నా గొంతు సహజంగా పలికించే జత ఎంచుకోవడం లాభం. స్టీరియో వచ్చాక తీసిన సినిమా పాటలకు, కొత్త కచేరీ రికార్డింగులకు ఆ విశాలత ఉపయోగపడుతుంది.

యాంప్లిఫయర్ అందరికీ కావాలా?

అసలు చిక్కంతా ఇక్కడే. యాంప్లిఫయర్ పెడితే పాటకు ప్రాణం వస్తుందని విన్నవారు, ఏ జతకైనా అది తప్పనిసరి అనుకుంటున్నారు. హెడ్‌ఫోన్ పెట్టె మీద రెండు అంకెలుంటాయి. ఒకటి ఓమ్స్, అంటే విద్యుత్తుకు అడ్డు. రెండోది సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ మోగుతుందన్నది. ఈ రెండూ చూస్తే కాని యాంప్లిఫయర్ కావాలో అక్కరలేదో తేలదు. కొన్ని కంపెనీలు మిల్లీవాట్‌కు బదులు ఒక వోల్టుకు లెక్క చెబుతాయి. ఆ తేడా గమనించకుండా రెండు పెట్టెలను పోల్చితే సోలకూ శేరుకూ పోటీ పెట్టినట్టే.

300 ఓమ్స్, మిల్లీవాట్‌కు 97 డెసిబెల్స్ గల జతను తీసుకుందాం. మామూలుగా వినే 80 డెసిబెల్స్‌కు దానికి మిల్లీవాట్‌లో యాభయ్యో వంతు చాలు. అయితే కచేరీలో మృదంగం ఒక్కసారి లేచినప్పుడు, ఆటలో బాంబు పడినప్పుడు శబ్దం ఇరవై, ముప్పై డెసిబెల్స్ పైకి పోతుంది. పది డెసిబెల్స్ పెరగాలంటే విద్యుత్తు పది రెట్లు కావాలి. ఆ లెక్కన 110 డెసిబెల్స్ శిఖరాన్ని చీలిపోకుండా అందుకోవాలంటే 20 మిల్లీవాట్లు, సుమారు రెండున్నర వోల్టులు ఉండాలి. ఫోనుకు తగిలించే చిన్న యూఎస్‌బీ పిన్ను ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ ఒక వోల్టు అనుకుంటే 102 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది. సినిమా పాటలకు అదీ సరిపోవచ్చు. మెల్లగా రికార్డు చేసిన వీణ కచేరీకి చాలకపోవచ్చు.

ఓమ్స్ తక్కువైతే ఫోనుకు తేలికని చాలామంది నమ్మకం. అన్ని వేళలా నిజం కాదు. 25 ఓమ్స్, 91 డెసిబెల్స్ గల ప్లానార్ రకం జతకు అదే 110 అందుకోవాలంటే 80 మిల్లీవాట్ల దాకా కావాలి. వోల్టులు ఒకటిన్నరకు లోపే చాలు కాని కరెంటు 56 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటు ఇవ్వలేని ఫోన్లు, లాప్‌టాప్‌లు ఎన్నో. ఎక్కువ ఓమ్స్ జత ఎత్తున ఉన్న ట్యాంకు అడుగుతుంది, తక్కువ ఓమ్స్ జత లావు గొట్టం అడుగుతుంది. చేల గట్ల మీద మోటార్లు బిగించే వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మరొక అంకె యాంప్లిఫయర్ వైపు ఉంటుంది. దానిని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ అంటారు. ఇది హెడ్‌ఫోన్ ఓమ్స్‌లో ఎనిమిదో వంతుకు మించకుండా చూసుకోవడం మంచి అలవాటు. 32 ఓమ్స్ జతకు నాలుగు లోపు ఉండాలన్న మాట. మించితే కొన్ని జతల్లో అడుగు స్వరాలు ఉబ్బి బొంగురుగా వినిపిస్తాయి. ఈ అంకె అచ్చు వేయని కంపెనీ సరుకు పక్కన పెట్టేయవచ్చు.

సరిపడా మోత, చీలిక లేకుండా, గుయ్యిమనే చప్పుడు లేకుండా వస్తున్నదంటే అంతకు మించి యాంప్లిఫయర్‌కు డబ్బు పోయడంలో అర్థం లేదు. అయిదు వేల యాంప్లిఫయర్‌కూ యాభై వేల దానికీ తేడా కళ్ళు మూసుకుని, మోత సమానం చేసి వింటే చెప్పడం బహు కష్టం. అదే సొమ్ము హెడ్‌ఫోన్ మీద పెడితే తేడా పసివాడికీ తెలుస్తుంది. పదిహేను వేలు చేతిలో ఉంటే పన్నెండు హెడ్‌ఫోన్‌కు, మిగిలినది పిన్నుకో, చిన్న యాంప్లిఫయర్‌కో కేటాయించడం తెలివైన పని. ముందు వెయ్యి రూపాయల అటూ ఇటూ దొరికే యూఎస్‌బీ పిన్నుతో వారం రోజులు విని, మోత చాలకపోతేనే యాంప్లిఫయర్ కొనవచ్చు. లాప్‌టాప్ సొంత రంధ్రంలో పెడితే మౌసు కదిలినప్పుడల్లా గీర వినిపించే జబ్బు కూడా ఈ పిన్నుతో చాలావరకు నయమవుతుంది.

పేరు మోసిన జతలు

ధరలు నెలనెలకూ మారుతుంటాయి కనుక గుణాలు చెప్పుకోవడమే మేలు. సెన్‌హైజర్ హెచ్‌డి 600 రకం 1997లో వచ్చింది. 300 ఓమ్స్. గొంతు సహజంగా పలికించడంలో దీనికి ఇప్పటికీ మంచి పేరు ఉంది. బరువు 260 గ్రాములు. కొత్తలో తలను పట్టకారులా బిగిస్తుంది. విశాలత మోస్తరు, అడుగు స్వరాలు తక్కువ. ప్రతి భాగమూ ఊడదీసి మార్చుకోవచ్చు. ధర మాత్రం మాస్టారి పదిహేను వేలకు అందదు. బేయర్‌డైనమిక్ డిటి 990 ప్రో 250 ఓమ్స్, 250 గ్రాములు. ముఖమల్ తొడుగులు మెత్తగా ఉంటాయి. దీని పై స్వరాలు పదునెక్కువ. ఆటలో అడుగుల చప్పుడు చురుగ్గా తెలుస్తుంది కాని తాళం చప్పుడు, ‘స’ అక్షరం సూదిలా గుచ్చుతాయి. పాత రకం వైరు ఊడిరాదు. 2024లో వచ్చిన ప్రో ఎక్స్ రకం 48 ఓమ్స్‌ది, వైరు మార్చుకోవచ్చు. ఏకేజీ కె 702 రకం 62 ఓమ్స్. విశాలతకు ప్రసిద్ధి, నిండుతనం తక్కువ. హైఫైమాన్ హెచ్‌ఇ 400 ఎస్‌ఇ ప్లానార్ రకం. అడుగు స్వరాలు దించకుండా పలుకుతుంది. 390 గ్రాముల బరువు. రెండు గంటల ఆటకు కుర్రవాడి మెడ ఓర్చుకుంటుంది, కచేరీ మొత్తం వినే పెద్దాయన మెడ ఓర్చుకోదు. ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పి 9500 రకం 32 ఓమ్స్, తేలిక, ఫోనుతో కూడా మోగుతుంది. తక్కువ సొమ్ములో మొదటి మెట్టుగా చాలామంది కొన్నది ఇదే.

ఒకే జతను ఇద్దరు వింటే ఇద్దరికీ ఒకేలా వినిపించదన్నది మరువరాదు. వయసు మీద పడ్డాక సన్నని పై స్వరాలు చెవికి అందడం తగ్గుతుంది. మనవడికి సూదిలా గుచ్చే చప్పుడు తాతగారికి అసలు వినబడకపోవచ్చు. తాతగారు ‘బాగుందిరా’ అన్నారని మనవడు, మనవడు మెచ్చాడని తాతగారు కొనకూడదు. ఇద్దరూ విడివిడిగా విని చూడాలి. మాటలే సరిగా వినబడక వాల్యూమ్ పెంచుతున్న పెద్దలకు కావలసింది యాంప్లిఫయర్ కాదు. ముందు చెవి డాక్టరుకు చూపించాలి.

చెవి ఒక్కసారే ఇచ్చారు

ఓపెన్ బ్యాక్ కొన్న ఇంట్లో ముందుకు వచ్చే అసలు ప్రమాదం ఫ్యాను. నడివేసవిలో నెత్తి మీద ఫ్యాను అయిదు మీద తిరుగుతుంది, ముందు గదిలో నాయనమ్మ సీరియల్ నడుస్తుంది, వీధిలో ఆటో ఆగుతుంది. తెరిచిన చిప్పలు వీటిలో దేనినీ ఆపవు. ఆటగాడి చెయ్యి తనకు తెలియకుండానే మీట మీదికి పోతుంది. అసలే యాంప్లిఫయర్ ఉంది, ఎంత తిప్పితే అంత మోగుతుంది!

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికాం సంఘం కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దలు వారానికి 80 డెసిబెల్స్ చొప్పున 40 గంటలు వినవచ్చు. పిల్లలకైతే 75కు మించరాదు. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ వినదగిన కాలం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే పది, 89 అయితే అయిదు. 92 దగ్గర వింటే వారం మొత్తానికి రెండున్నర గంటలే. రాత్రికి నాలుగు గంటలు ఆడే కుర్రవాడు ఫ్యాను హోరును దాటించడానికి 92కు పెంచితే ఒక్క రాత్రిలోనే వారం కోటా అయిపోయి ఇంకా మిగిలిపోతుందన్న మాట. వంద కోట్లకు పైగా యువత వినికిడి ప్రమాదపు అంచున ఉన్నారని ఆ సంస్థ హెచ్చరిస్తున్నది. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే కణాలు ఒకసారి చనిపోతే మళ్ళీ మొలవవు. ఆట ముగిశాక చెవిలో గుయ్యిమని మోగడం దాని మొదటి కబురు.

కనుక గోల తగ్గని ఇంట్లో, ఇద్దరు ముగ్గురు పంచుకునే గదిలో ఓపెన్ బ్యాక్ కొనకపోవడమే సబబు. అదే సొమ్ముకు మూసిన చిప్పల జత మంచిది దొరుకుతుంది. తలుపు వేసుకోవడానికి గది, ఫ్యాను తగ్గించుకోవడానికి వీలు ఉన్నవారికే ఈ తెరిచిన రకం అందం. అమ్మకందారులు ఈ మాట చెప్పరు.

ఎర్త్ లేని గోడకు ఏ యాంప్లిఫయర్?

హెడ్‌ఫోన్ పెట్టుకోగానే ‘హమ్...’ అని ఆగకుండా మోత వస్తున్నదని కొందరు యాంప్లిఫయర్‌ను వెనక్కి పంపుతారు. చాలాసార్లు నేరం దానిది కాదు, గోడలోని ప్లగ్గుది. పాత ఇళ్ళలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉన్నా ఎర్త్ వైరు ఉండదు. ఉన్నా, పెరట్లో పాతిన గొట్టం తుప్పు పట్టి ఏళ్ళవుతుంది. లాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద నడిపి చూస్తే తెలిసిపోతుంది. మోత ఆగితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించాలి. మోత పోతుందని పెద్ద పిన్ను విరిచేసే ‘చిట్కా’ ఒకటి ప్రచారంలో ఉంది. అది ప్రాణాంతకం. ఇనుప డబ్బాకు కరెంటు ఎక్కితే దాని వైరు నేరుగా తల దాకా ఉంటుందని గుర్తుంచుకోవాలి.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో యాంప్లిఫయర్ తెప్పించుకునే వారు అడాప్టర్ మీది అంకె చూడాలి. అక్కడ 120 వోల్టులు, మన దగ్గర 230. ‘100–240’ అని అచ్చు ఉంటే భయం లేదు. 115 అనో 120 అనో మాత్రమే ఉంటే ఇక్కడ ప్లగ్గులో పెట్టిన క్షణంలో కాలిపోతుంది. వారంటీ కూడా ఏ దేశానికి వర్తిస్తుందో ముందే అడగాలి.

మైకు సెట్టు యాంప్లిఫయర్‌కూ లావు జాక్ రంధ్రం ఉంటుంది, హెడ్‌ఫోన్ లావు పిన్నూ అందులో దూరుతుంది. దూరింది కదా అని పెట్టరాదు. ఈ జతలు ఓర్చుకునేది వంద, రెండు వందల మిల్లీవాట్లు. మైకు సెట్టు ఇచ్చేది పదుల వాట్లు. జత మాడడం అటుంచి, చెవి మీద ఉండగా మోగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇంటి యాంప్లిఫయర్‌తో కూడా పిన్ను పెట్టే ముందు మీటను సున్నాకు తిప్పడం, ‘గెయిన్’ బొత్తాన్ని తక్కువలో ఉంచడం అలవాటు చేసుకోవాలి.

మైకు వేరే కావాలి

ఇన్ని చెప్పాక మిగిలింది మాట్లాడే మైకు. సంగీతపు జతలకు అది ఉండదు. చొక్కాకు తగిలించే మైకో, బల్ల మీద పెట్టేదో విడిగా కొనాలి. తెరిచిన చిప్పల్లోంచి కారే చప్పుడు ఆ మైకులో పడి, అవతలి స్నేహితుడికి తన గొంతే తిరిగి వినిపిస్తుంది. మైకు నోటి దగ్గరగా, వాల్యూమ్ తక్కువగా ఉంటే ఈ బాధ తగ్గుతుంది.

జిల్లా పట్టణాల్లో చెవికి పెట్టి విని చూసే దుకాణాలు అరుదు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వెళ్ళే పని పడితే విని రావడం మంచిది. పార్శిల్‌లో తెప్పించుకునే వారు పెట్టె విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంచాలి. వాపసు గడువు ముగియక ముందే రెండు చిప్పలూ సమానంగా మోగుతున్నాయా, ఏదైనా చిప్ప జిర్రుమంటున్నదా చూడాలి. జిర్రుమంటే ముందుగా జత చెడిందనుకోనక్కరలేదు. తెరిచిన జల్లెడలోంచి తల వెంట్రుక ఒకటి లోపలి పలక మీద పడినా అలాగే వినిపిస్తుంది. తొడుగు విప్పి, పలకకు తగలకుండా మెల్లగా తీసేస్తే పోతుంది.

ఎడమ చిప్ప మీద ‘ఎల్’ అని, కుడి చిప్ప మీద ‘ఆర్’ అని చిన్న అక్షరాలుంటాయి. పాట వినేటప్పుడు తారుమారైనా తాతగారికి పట్టింపు ఉండదు. మనవడికి మాత్రం ఎడమ నుంచి వస్తున్న శత్రువు కుడి నుంచి వినిపిస్తాడు.